తెల్లనూలు పచ్చబడిన వారం

నగరి నేతవీధిలో రంగు మీద తగాదా వస్తే తీర్పు చెప్పేది వరదయ్యే. ఎనభై ఒక్క ఏళ్ళ ఆ మనిషి శనివారం పొద్దున పడుగు మీది తెల్లనూలును చూసి, "ఎవుర్రా దీనికి పసుపు కలిపింది?" అని కేకలు వేశాడు. కొడుకు ఏకాంబరం పదిమందిలో "నీకు బుద్ధి చెడింది నాయనా" అంటూ ఆయన చేతిలోంచి నూలు లాక్కున్నాడు. తండ్రిని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి చీటీ రాసివ్వమని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టర్ జయంతిని అడిగాడు. రాసే ముందు ఒకసారి చూస్తానని వాళ్ళింటికి వచ్చిన జయంతి, వరదయ్య మణికట్టు పట్టుకుని చేతి గడియారం వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. కథ అంతవరకు వచ్చింది.

నిమిషానికి నలభై.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ఒకటి. వరదయ్య మగ్గం పక్కన చాపమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సోమవారం దగ్గుతో వచ్చినప్పుడు నాడి డెబ్బై దాకా ఉన్నట్టు ఆమెకు గుర్తు.

"తాతా, అన్నం తింటుండావా?"

"యాడ తినేది తల్లీ? మూడు దినాల్నించి కూడు సూస్తానే కడుపులో తిప్పుతుండాది."

"కండ్లకు ఎట్లుండాది?"

వరదయ్య ఆమె కోటునూ, పైనున్న బల్బునూ పరికించి చూశాడు. రంగు గురించి అడిగితే ఆయన తొందరపడి చెప్పడు. "నీ కోటు పసుపు నీళ్ళలో ముంచి ఆరేసినట్టుండాది. బల్బు సుట్టూ గుడి కట్టినట్టుండాది, చందమామకు కడతాది సూడు, అట్ల. నేను అబద్ధం సెప్పడంల్యా. వీళ్ళే నమ్మల్యా."

పిచ్చి పట్టిన మనిషి మాటలు కావవి. తనకు కనిపిస్తున్నదాన్ని ఉన్నదున్నట్టు చెబుతున్న మనిషి మాటలు. జయంతికి ఎక్కడో చదివింది లీలగా తట్టింది, కానీ చేతికి అందలేదు.

"తాతా, నువ్వు దినామూ ఏసుకునే మందులేమైనా ఉండాయా?"

"ల్యా. నువ్విచ్చిన దగ్గు మందే."

సోమవారం కూడా ఆమె ఇదే అడిగింది. ఆయన ఇదే చెప్పాడు. అప్పుడు బయట వరుసలో ఎనభై మంది ఉన్నారు. ఆమె చీటీ రాసి తర్వాతి మనిషిని పిలిచింది. ఈసారి కిందికి జరిగి చాప అంచున కూర్చుంది.

"మందు సంగతి వదిలేయి తాతా. పొద్దున లేస్తానే ఏమేం చేస్తావో వరసగా చెప్పు."

"ఏం జేస్తా? మొకం కడుక్కుంటా. సామికి దండం పెట్టుకుంటా. సిన్న బిళ్ళ ఏసుకుంటా. కాపీ తాగుతా. మగ్గం ఎక్కుతా."

"ఏ చిన్న బిళ్ళ?"

ఆయన లేచి, గోడకు ఆనుకుంటూ దేవుడి పటం దాకా నడిచి, దాని వెనకనుంచి ఒక అట్ట తీసి ఇచ్చాడు. "ఇది మందు కాదు తల్లీ. ఇది దినామూ ఏసుకునేది."

అట్ట వెనక చిన్న అక్షరాలు. డిగాక్సిన్. సున్నా పాయింట్ రెండు ఐదు మిల్లీగ్రాములు.

చేతికి అందనిది అప్పుడు అందింది. ఆ మందు ఒంట్లో హద్దు దాటితే ఆకలి చస్తుంది, గుండె నెమ్మదిస్తుంది, తెలుపు పసుపుగా కనిపిస్తుంది. పరీక్ష కోసం బట్టీపట్టిన మూడు ముక్కలు, ఎదురుగా గోడ పట్టుకుని నిలబడి ఉన్నాయి. ఆ వెంటనే మరొకటి కూడా తెలిసింది. అది సోమవారం తాను రాసిన చీటీ సంగతి.

"ఏకాంబరం అన్నా, 108కి ఫోన్ చెయ్యండి. పిచ్చి డాక్టరు దగ్గరికి కాదు. తిరుపతికి. బిన్నా, ఆలస్యం చెయ్యొద్దు."

*

తిరుపతి పెద్దాసుపత్రి వార్డులో నిర్మలమ్మ మేడమ్ గుండె గీత కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. అరవై దాటిన మనిషి. ఏడేళ్ళ కిందట జయంతికి పాఠం చెప్పింది ఆమే. అప్పుడూ ఇంతే, గొంతు పెంచేది కాదు.

"చూడు జయంతీ. ప్రతి గీత తర్వాతా గరిటెతో తోడినట్టు ఈ వంపు చూడు. డిగాక్సిన్ ఒంట్లో ఉందని చెప్పే గుర్తు ఇది. ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నాడు?"

"ఇరవై రెండేళ్ళ నుంచి మేడమ్. గుండె దడకు చెన్నైలో ఎవరో రాశారంట. తర్వాత ఎవరికీ చూపించలేదు. అంగట్లో పాత అట్ట చూపించి కొత్తది తెచ్చుకుంటున్నారు."

"అంటే యాభై తొమ్మిదో ఏట మొదలుపెట్టాడు." మేడమ్ మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న వరదయ్య వైపు చూసింది. ఛాతీకి అంటించిన తీగలు పక్కనున్న యంత్రంలోకి పోతున్నాయి. "ఇరవై రెండేళ్ళుగా పడుతున్న మందు ఈ వారం ఎందుకు పడలేదు? ఈ వారంలో ఏం మారింది?"

ఏకాంబరం మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాడు. అతని చొక్కా జేబులో సోమవారం నాటి ఓపీ చీటీ మడత అంచు కనిపిస్తోంది. చీటీ మీద సంతకం జయంతిది. ఆమె ఒక్కమాట దాచుకుంటే చాలు, ఆ కాగితం అక్కడే ఉండిపోతుంది. మేడమ్‌కు తర్వాత ఒంటరిగా చెప్పుకోవచ్చు.

"నేను మార్చాను మేడమ్" అంది జయంతి. "దగ్గుకు క్లారిత్రోమైసిన్ రాశాను. రోజుకు రెండు. ఈయన డిగాక్సిన్ వేసుకుంటున్నట్టు నాకు తెలీదు."

ఏకాంబరం ముందుకు వచ్చాడు.

"అంటే ఏందమ్మా? నాకు అర్థమయ్యేటట్టు సెప్పండి."

"మీ నాయనకు పిచ్చి లేదన్నా. దినామూ వేసుకునే ఆ బిళ్ళను ఒళ్ళు దినామూ కొంత బయటికి పంపించేస్తుంది. నేను రాసిన దగ్గు మందు ఆ దారిని మూసేసింది. లోపలే పేరుకుపోయింది. ఆ పచ్చదనం, ఆ కడుపులో తిప్పడం, గుండె నెమ్మదించడం, అన్నీ దానివల్లే. తప్పు నాది."

ఏకాంబరం ముఖం ఎర్రబడింది. "సదువుకున్నోళ్ళు మీరు. ఒగ మాట అడగాల్సిందే కదమ్మా, ఏం ఏసుకుంటాడని?"

"అడిగినానన్నా. ఒకసారి అడిగినాను. రెండోసారి అడగల్యా."

అతను ఇంకేదో అనబోయాడు. పెద్దగా అరవబోతున్నాడనుకుని పక్కమంచం దగ్గరున్న నర్సు ఇటు తిరిగింది. కానీ అతని గొంతు లేవలేదు. "పదిమంది ముందర నాయన సేతిలోంచి నూలు గుంజుకున్న్యా నేను" అన్నాడు. "బుద్ధి సెడిందని అన్న్యా. యాభై ఏండ్ల నా బతుకులో నాయన ఒగ రంగు తప్పు సెప్పింది సూళ్ళేదు. అయినా అన్న్యా." చేత్తో ముఖం తుడుచుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

జయంతి తల వంచుకుని నిలబడింది. మేడమ్ తిడుతుందని ఎదురుచూసింది. మేడమ్ తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"ఈయన బరువెంత?"

"తెలీదు మేడమ్."

"మీ కేంద్రానికి ఆరు నెలల బిడ్డ జ్వరంతో వస్తే సిరప్ ఎట్లా రాస్తావు?"

"తూకం వేసి రాస్తాను. కిలోకు ఇంత అని. చుక్కల మందు చిక్కగా ఉంటుంది, సిరప్ పలచగా ఉంటుంది కాబట్టి సీసా మీద ఏముందో చూసి మరీ రాస్తాను."

"పసిబిడ్డ లివరు, కిడ్నీలు ఇంకా పని నేర్చుకుంటున్నాయని నీకు తెలుసు. అందుకే భయపడతావు. పని చేసి చేసి అలిసిపోయినవాటికి మాత్రం మనం భయపడం. ముసలివాళ్ళను ఎవరూ తూకం వేయరు."

నర్సు తూకం తెచ్చింది. వరదయ్య ఇప్పుడు లేచి నిలబడకూడదు కాబట్టి, బిడ్డను ఎత్తినట్టు ఒక వార్డుబాయ్ ఆయనను ఎత్తుకుని తూకం ఎక్కాడు. తర్వాత తానొక్కడే ఎక్కాడు. రెండింటి తేడా నలభై ఒక్క కిలోలు.

మేడమ్ రక్తపరీక్ష కాగితాన్ని జయంతి చేతిలో పెట్టింది. "క్రియాటినిన్ ఎంతుంది?"

"ఒకటి పాయింట్ మూడు." జయంతికి కొంచెం ధైర్యం వచ్చింది. "దాదాపు మామూలే కదా మేడమ్. కిడ్నీలు బాగానే ఉన్నట్టు."

"లెక్క కట్టు. నీకు నేర్పిందే. నూట నలభైలోంచి వయసు తీసెయ్యి."

జయంతి అట్ట వెనకే కట్టింది. యాభై తొమ్మిది. దాన్ని బరువుతో హెచ్చించింది. డెబ్బై రెండును ఒకటి పాయింట్ మూడుతో హెచ్చించి, దానితో భాగించింది. వచ్చిన అంకెను చూసి, తప్పు చేశాననుకుని మళ్ళీ మొదటినుంచి కట్టింది.

నిమిషానికి కిడ్నీలు వడకట్టే కొలత ఇరవై ఆరు కూడా లేదు. ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషికి నూరు ఉండాలి.

"కండ ఉంటేనే ఆ క్రియాటినిన్ పుడుతుంది" అంది మేడమ్. "ఈయన ఒంట్లో కండ ఎక్కడుంది? పుట్టేదే తక్కువ, కాబట్టి కిడ్నీ సరిగ్గా తోడకపోయినా అంకె పెద్దగా పెరగదు. ఆ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని ముప్పై ఏళ్ళ మనిషి రిపోర్టులాగా చదివాం. ఇప్పుడు యాభై తొమ్మిదో ఏటిది కట్టు. అప్పుడు అరవై కిలోలు, క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది అనుకో."

డెబ్బై ఐదు వచ్చింది. అదే మనిషి, అదే బిళ్ళ, అదే దేవుడి పటం. లోపల మూడింట రెండు వంతులు ఎప్పుడు కరిగిపోయిందో ఒక్కరికీ తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. పొద్దున్నే లేచి మగ్గం ఎక్కుతూనే ఉన్నాడు.

"ఆ ఇరవై ఆరుతోనే నెట్టుకొస్తున్నాడు" అంది మేడమ్. "కొంచెం కొంచెంగా పేరుకుంటూనే ఉండి ఉంటుంది. నీ దగ్గు మందు చివరి తోపు తోసింది. నువ్వు రాయకపోయినా ఈ ఎండల్లో రెండు విరేచనాలైతే చాలు, ఇదే జరిగేది. ఈ మాట నిన్ను తప్పించడానికి చెప్పడం లేదు. నువ్వు ఒక్క మందునే చూసి ఊరుకోకూడదని చెబుతున్నాను."

"ఇంకో సంగతి" అంటూ ఆమె అట్టను తిప్పి చూసింది. "ఇరవై రెండేళ్ళు రోజుకొకటి. బిళ్ళలో పిండి, సున్నం తీసేసి అసలు మందు మాత్రమే కూడితే మొత్తం ఎంతవుతుంది?"

జయంతి మనసులోనే కట్టింది. ఎనిమిది వేల రోజులు. రోజుకు పావు మిల్లీగ్రాము.

"రెండు గ్రాములు" అంది. ఆ మాట ఆమెకే వింతగా వినిపించింది.

రెండు గ్రాములు. చిటికెలో పట్టేంత. చలిదేశాల్లో గంటల్లాంటి పూలు పూసే ఒక మొక్క ఆకులోంచి వచ్చిన ఆ చిటికెడు పొడి, ఒక మనిషి గుండెను ఇరవై రెండేళ్ళు దారి తప్పకుండా నడిపించింది. ఎన్ని వేల గజాల బట్ట నేయించిందో. అదే పొడి, దినానికి కంటికి ఆనని రవ్వంత ఎక్కువైతే, లోకంలోని తెలుపునంతా ఆ మనిషి కంట్లోంచి తీసేసింది. జయంతి వరదయ్య మూసిన రెప్పల వైపు చూసింది. ఆరేళ్ళుగా తాను చీటీల మీద పేర్లు రాస్తోంది. అవి ఏం చేయగలవో తనకు తెలుసుననుకుంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆమెకు తన పెన్ను అంటే భయం వేసింది. ఆ భయం చెడ్డదిగా అనిపించలేదు.

*

రెండు మందులూ ఆపేశారు. రక్తంలో లవణాలు సరిచూస్తూ, గుండె యంత్రాన్ని కనిపెడుతూ కూర్చోవడమే మిగిలింది. పడుచువాడికైతే ఒకటిన్నర రోజులో సగం మందు బయటికి పోతుంది. వరదయ్యకు నాలుగు రోజులు పట్టవచ్చు. ఆ అలిసిన కిడ్నీలను ఎవరూ తొందరపెట్టలేరు.

జయంతి రోజూ మధ్యాహ్నం ఓపీ అయ్యాక పుత్తూరు మీదుగా బస్సులో వచ్చేది. ఆదివారం నాడి నలభై రెండు. సోమవారం మధ్యలో రెండు మూడు దెబ్బలు తప్పింది; నర్సు పరిగెత్తుకొచ్చింది; ఏకాంబరం తండ్రి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. మంగళవారం యాభై. బుధవారం ఆయన ఇడ్లీ అడిగాడు. ఆ రోజంతా ఏకాంబరం జయంతితో మాట్లాడలేదు. కానీ ఆమె వస్తే స్టూలు ఖాళీ చేసి లేచి నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి వరదయ్య దిండుకు ఆనుకుని కూర్చుని, దుప్పటి అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులోకి లాక్కుంటున్నాడు. నిర్మలమ్మ మేడమ్ పక్కనే నిలబడి ఉంది.

"ఇది తెలుపు కాదు" అన్నాడు వరదయ్య.

ఏకాంబరం చప్పున జయంతి వైపు చూశాడు.

"తెలుపు కాదురా. నీలిమందు ఎక్కువేసినారు సాకలోళ్ళు. ఈ అంచు సూడు, రవంత నీలం కొడతా ఉండాది. ఆ తట్టు మంచం మీదిది సూడు, అది తెలుపు."

జయంతి రెండు దుప్పట్లనూ మార్చి మార్చి చూసింది. ఆమెకు రెండూ ఒకేలా కనిపించాయి. మేడమ్ కూడా కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. కిటికీ పక్కకు తీసుకుపోయి రెండు అంచులనూ పక్కపక్కన పెట్టాక, అప్పుడు కనిపించింది. ఉందో లేదో అన్నట్టు ఒక నీలిఛాయ.

ఎనభై ఒక్క ఏళ్ళ కళ్ళు. ఐదు రోజుల కిందట లోకమంతా పసుపులో మునిగిన కళ్ళు. ఒంట్లోంచి మందు రవ్వరవ్వగా దిగిపోతే, ఆ పసుపు కింద చెక్కుచెదరకుండా అన్ని రంగులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నర్సు ఎప్పుడు వచ్చి పక్కన నిలబడిందో, ఆమె కూడా ఆ దుప్పటి వైపే చూస్తోంది.

"నాయనా" అన్నాడు ఏకాంబరం. తండ్రి పక్కన మంచం అంచున కూర్చున్నాడు.

"ఊరుకోరా. నువ్వు నాకు సెడు జెయ్యాలనా? భయపడినావు." వరదయ్య జయంతి వైపు తిరిగాడు. "ఈ బిడ్డ మీద కూడా కోపం పెట్టుకోబాక. అడిగింది, నేనే సెప్పల్యా. ఇరవై ఏండ్లు తింటే అది మందని మర్సిపోతాం."

"నువ్వు చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు తాతా. ఇకమీద అడుగుతాను. అట్టలు తెచ్చి చూపించేదాకా వదలను."

ఏకాంబరం ఆమె వైపు చూసి తల ఊపాడు. క్షమించానని కాదు. విన్నానని.

మేడమ్ మంచం పక్కన కూర్చుంది. "పెద్దాయనా, ఇక ఆ బిళ్ళ వద్దు. మీ వయసుకు, మీ బరువుకు సరిపడేది వేరే రాస్తాను. ఇంట్లో మిగిలినవి ఎవరి చేతికీ ఇవ్వకుండా ఇక్కడికి తెచ్చేయండి. మీకు ప్రాణం పోసిన బిళ్ళ ఇంకొకరికి ప్రాణం తీస్తుంది."

వరదయ్య మేడమ్ వైపు తిరిగాడు.

"ఒగ మాట సెప్పల్ల తల్లీ" అన్నాడు. "పోయిన వారం నా సెల్లెలు నాగరత్నమ్మ వచ్చింది, కాళాస్త్రి నుంచి. దానికీ ఎద దడ అనింది. పాపమని ఒగ అట్ట ఇచ్చి పంపినాను."

జయంతి అప్పటికే ఏకాంబరం ఫోన్ వైపు చెయ్యి చాపింది. అతను నంబరు కలిపి స్పీకరు పెట్టాడు. నాలుగు మోతలకు అవతల ఎత్తారు. డెబ్బై ఏళ్ళు దాటిన గొంతు, గట్టిగా, హుషారుగా.

"ఏమప్పా ఏకాంబరం, అన్న ఎట్లుండాడు?"

"బాగుండాడత్తా. నువ్వెట్లుండావు? నాయన ఇచ్చిన బిళ్ళలు ఏసుకుంటుండావా?"

"యాడ? నాకు ఆ దడ దానంతటదే పోయింది. నేను ఒగటీ మింగల్యా."

వార్డులో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఏకాంబరం నవ్వబోయాడు.

"నా మనవరాలి బిడ్డకు ఇస్తుండా" అంది నాగరత్నమ్మ. "మహిత లేదూ, ఎనిమిది నెలల పాప. ఎద మీద సెయ్యి పెడితే గుండె గబగబా గబగబా కొట్టుకుంటాండె. అన్నకు కుదిరింది కదా అని, అర బిళ్ళ సానమీద అరగదీసి తేనెలో నాకిస్తుండా."

ఎనిమిది నెలల బిడ్డ గుండె నిమిషానికి నూట ఇరవై సార్లు కొట్టుకుంటుంది. అది జబ్బు కాదు, అది ఆ వయసు. జయంతి ఫోన్ మీదికి వంగింది.

"అవ్వా, నేను డాక్టర్ను. ఎన్ని దినాలుగా ఇస్తుండావు?"

"నాలుగు దినాలమ్మా. బలే మందు. ఇప్పుడు సెయ్యి పెట్టి సూడు, ఎంత నెమ్మదిగా కొట్టుకుంటాండాదో. పొద్దున్నించి ఏడుపు కూడా ల్యా. పాలకు కూడా లేవకుండా నిద్దరపోతుండాది, బంగారు తల్లి."